ఊరి పద్దు, ఇంటి పద్దు

నేను చదివింది బి.కాం., చేస్తున్నది బ్యాంకు ఉద్యోగం. గ్రీకుల గురించీ యూదుల గురించీ రాయడానికి నీకేం అధికారం ఉందని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. చరిత్ర పుస్తకాలు చదవడం కాస్త వయసు మీద పడ్డాక పట్టుకున్న అలవాటు. జమాఖర్చులు చూసే కళ్ళతో చదువుతాను గనక, ఏ జాతి దేన్ని జమ కింద రాసుకుంది, దేన్ని ఖర్చు కింద రాసుకుంది అని వెతుకుతూ ఉంటాను. అలా ప్రాచీన గ్రీకుల కథనీ యూదుల కథనీ పక్కపక్కన పెట్టి చూస్తే మధ్యలో మన కథ కూడా కనిపించింది. మనమంటే తెలుగుదేశం ఎల్లలకు ఇవతల, తరాల తరబడి మరో భాష మధ్య కాపురాలు చేస్తున్నవాళ్ళం.

నేను పుట్టి పెరిగింది మద్రాసు చూలైలో. చూలై అంటే తమిళంలో బట్టీ. ఇటుకలు కాల్చే బట్టీల వల్ల వచ్చిన పేరంటారు. మా తాతగారు నెల్లూరు జిల్లా నుంచి మిల్లు పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. ఈ మూడింటితో మాకెప్పుడూ చిక్కు రాలేదు. చిక్కల్లా ఒక్క ప్రశ్నతోనే. మనిషి ముందు ఎవరికి బాకీ? ఉన్న ఊరికా, పుట్టిన ఇంటికా?

గ్రీకుల జవాబు ఊరికే అని. వాళ్ళలోనూ ముఖ్యంగా ఏథెన్సువాళ్ళ జవాబు. క్రీ.పూ. 508 ప్రాంతంలో క్లైస్తనీస్ అనే నాయకుడు ఏథెన్సు రాజ్యాన్ని నూట ముప్పైతొమ్మిది పేటలుగా విడదీశాడు. సముద్రతీరపు పేటల్నీ, నగరంలోని పేటల్నీ, లోపలి పల్లెల్నీ కలగలిపి పది కొత్త తెగలు చేశాడు. పాత వంశాల పట్టు సడలాలన్నది ఉద్దేశం. ఇకమీదట మనిషి గుర్తు ఫలానా వంశంవాడని కాదు, ఫలానా పేటవాడని. తమాషా ఏమిటంటే ఆ పేట పేరు కాపురం మారినా మారదు. తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. ఊరిపేర్లు ఇంటిపేర్లయిన మనకి ఇది కొత్తగా తోచదు. వంశాన్ని తలుపులోంచి పంపిస్తే కిటికీలోంచి వచ్చి కూర్చుంది.

బ్యాంకువాణ్ణి కనక నాకు బాగా నచ్చిన ఘట్టం ఇంకొకటి. క్రీ.పూ. 483లో ఏథెన్సువాళ్ళ లారియం గనుల్లో వెండి విరివిగా దొరికింది. తలకు పది ద్రాక్మాల చొప్పున పంచుకుందామన్నారు చాలామంది. థెమిస్టొక్లీస్ వద్దని చెప్పి ఆ సొమ్ముతో యుద్ధనౌకలు కట్టించాడు. మూడేళ్ళకి పారశీకుల దండు వచ్చినప్పుడు సలామిస్ దగ్గర ఊరిని కాపాడినవి ఆ ఓడలే. బోనస్ పంచకుండా రిజర్వు నిధికి మళ్ళించడానికి మహాసభను ఒప్పించడం ఎంత కష్టమో మా యూనియన్ మిత్రులనడిగితే చెబుతారు. డబ్బున్నవాడు ఒక ఏడాది ఒక ఓడ ఖర్చు భరించడమో, నాటకోత్సవంలో ఒక బృందాన్ని పోషించడమో అక్కడ ధర్మం. దాన్ని శిక్షగా కాక ప్రతిష్ఠగా భావించేవాళ్ళు.

కానీ ఊరే సర్వం అన్నవాడికి కూడా ఇల్లు అడ్డం వస్తుంది. పెరిక్లీస్ క్రీ.పూ. 451లో ఒక చట్టం చేయించాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఏథెన్సు పౌరుల బిడ్డలైతేనే పౌరసత్వం. ఆ తర్వాత ఆయన మిలేటస్ నుంచి వచ్చిన అస్పేసియాతో కాపురం చేశాడు. వాళ్ళ కొడుక్కి ఆ చట్టం ప్రకారం పౌరసత్వం రాదు. మహమ్మారిలో మొదటి భార్య కొడుకులిద్దరూ పోయాక, ఆ చట్టం చేసిన పెద్దమనిషే సభ ముందు నిలబడి ఈ ఒక్క బిడ్డకి మినహాయింపు ఇమ్మని అడుక్కోవలసి వచ్చింది. సభ ఇచ్చింది. చట్టం గొప్పదా, ఆ మినహాయింపు గొప్పదా అని నేను చాలాసార్లు ఆలోచించాను.

సోక్రటీసు మాత్రం మినహాయింపు అడగలేదు. క్రీ.పూ. 399లో ఆయనకు మరణశిక్ష పడ్డాక స్నేహితుడు క్రిటో జైలుకి వచ్చి, పారిపోదాం, పిల్లల మొహమైనా చూడమన్నాడు. నన్ను కని పెంచింది ఈ ఊరి చట్టాలు కూడా, వాటికి ద్రోహం చేయనన్నది సోక్రటీసు మాటల సారాంశం. అంటే తల్లిదండ్రులకు ఇచ్చే స్థానాన్ని ఆయన చట్టానికి ఇచ్చాడు. చదివినప్పుడు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఆ ముగ్గురు పిల్లల సంగతి తలుచుకుంటే పెట్టిన చేతులు కిందికి దిగుతాయి.

ఇక యూదులు. క్రీ.పూ. 586లో బబులోనువాళ్ళు యెరూషలేమునీ అందులోని దేవాలయాన్నీ పడగొట్టారు. మళ్ళీ కట్టుకుంటే క్రీ.శ. 70లో రోమనులు పడగొట్టారు. ఊరే పోయినవాడికి ఊరే సర్వం అన్న సిద్ధాంతం ఏం పనికొస్తుంది? కాబట్టి వాళ్ళు ఊరిని ఇంట్లోకి తెచ్చుకున్నారు. ధర్మశాస్త్ర వాక్యాలు రాసిన చిన్న చుట్టను ద్వారబంధానికి బిగిస్తారు. శుక్రవారం సాయంత్రం ఇల్లాలు దీపాలు వెలిగించడంతో విశ్రాంతిదినం మొదలవుతుంది. పస్కా పండుగ రాత్రి భోజనాల బల్ల దగ్గర అందరికంటే చిన్నవాడు అడగాలి, ఈ రాత్రికి ఏమిటి ప్రత్యేకత అని. పెద్దలు ఈజిప్టు దాస్యం కథంతా మొదటినుంచీ చెప్పాలి. నిరుడు చెప్పాం కదా అంటే కుదరదు. ఏటేటా అడగాలి, ఏటేటా చెప్పాలి. గుడి లేకపోయినా, రాజు లేకపోయినా, ఒక బల్లా ఒక పిల్లవాడూ ఉంటే మతం నడిచిపోతుంది.

యూదులది ఒట్టి రక్తబంధం అనుకుంటే పొరపాటు. ఇంటి మీద కూడా ధర్మశాస్త్రం ఉంది. తీర్పు చెప్పేటప్పుడు బీదవాడని పక్షపాతం చూపకు, గొప్పవాడని మొహమాటపడకు అని లేవీయకాండం అంటుంది. బీదల కోసం వసూలు చేసే ధర్మనిధికి పాత యూద శాస్త్రం పెట్టిన నియమం చూసి నేను ఆశ్చర్యపోయాను. వసూలుకి ఇద్దరు వెళ్ళాలి, పంచడానికి ముగ్గురు కూర్చోవాలి. మా బ్యాంకులో నగదు గది తాళాలు ఇద్దరి దగ్గర ఉండాలన్న నియమం ఇదే కదా! అయినవాళ్ళని నమ్మాలి, కానీ డబ్బు దగ్గర ఒక్కణ్ణే నమ్మకూడదని వాళ్ళు ఎంత ముందే తెలుసుకున్నారు.

అప్పుల విషయంలో ఈ రెండు జాతుల తేడా చక్కగా కనిపిస్తుంది. క్రీ.పూ. 594లో సోలన్ ఏథెన్సులో అప్పుల భారాన్ని ఒక్క దెబ్బతో దించాడు. అప్పు తీర్చలేనివాణ్ణి బానిసగా పట్టుకోవడం నిషేధించాడు. అది ఊరు చేసిన పని, ఒక్కసారి చేసింది. యూద ధర్మశాస్త్రం ప్రకారమైతే ప్రతి ఏడో ఏడూ అప్పులు వదిలెయ్యాలి. ఏడో ఏడు దగ్గర పడేకొద్దీ అప్పిచ్చేవాళ్ళు కరవవడం చూసి, హిల్లెల్ అనే గురువు అప్పుపత్రాలను న్యాయస్థానానికి ఒప్పగించే పద్ధతి ఒకటి పెట్టి లావాదేవీలు ఆగకుండా చూశాడు. 2008లో మన కేంద్ర ప్రభుత్వం రైతుల రుణమాఫీ చేసినప్పుడు బ్యాంకుల్లో పనిచేసినవాళ్ళకి హిల్లెల్ కష్టం వివరించనక్కరలేదు. అదే ధర్మశాస్త్రంలో ఇంకో మాట ఉంది. పరాయివాడి దగ్గర వడ్డీ తీసుకోవచ్చు, సోదరుడి దగ్గర తీసుకోకూడదు.

ఈ వాక్యం నాకు ఒక సందర్భంలో పనికొచ్చింది. పదేళ్ళ కిందటి మాట. మా మేనమామ కొడుకు దుకాణం పెట్టుకుంటానని నేను పనిచేసే శాఖలోనే అప్పుకి దరఖాస్తు పెట్టాడు. కాగితాలు సరిగా లేవు, హామీ చాలదు. సొంతవాళ్ళ దరఖాస్తు మనం చూడకూడదు గనక పై అధికారికి పంపించాను. ఏమడిగితే అది ఉన్నదున్నట్టు చెప్పాను. అప్పు రాలేదు. "ఒక్క మాట సాయం చేస్తే పోయేదేముంది బావా, నీ ఇంట్లో సొమ్మా?" అన్నాడు వాడు. "నా ఇంట్లో సొమ్ము కాదు గనకే" అన్నాను నేను. ఆ ఏడాది వాళ్ళింట్లో జరిగిన గృహప్రవేశానికి మాకు పిలుపు లేదు.

మా అమ్మ వారం రోజులు ఏమీ అనలేదు. తర్వాత ఒకరోజు అన్నం వడ్డిస్తూ అంది, "ఒరే అబ్బయ్యా, బ్యాంకు సంతకం బ్యాంకుది. దాన్ని నువ్వు మీవాళ్ళకి పెట్టకపోవడం న్యాయమే. మరి నీ జీతం నీదే కదా? దానికెవరి అనుమతి కావాలి?" నేను నా పొదుపులోంచి వాడికి కొంత ఇచ్చాను. వడ్డీ లేదు, నోటు లేదు. మొత్తం తీరడానికి నాలుగేళ్ళు పట్టింది, తీర్చాడు. మా అమ్మ ఐదో తరగతి దాటలేదు. ఊరి సొమ్ముకి ఊరి చట్టం, ఇంటి సొమ్ముకి ఇంటి ధర్మం అని, రెండు పద్దులూ కలపకుండా, రెంటిలో ఏదీ మూసెయ్యకుండా నడపవచ్చని ఆమె నాకు నేర్పింది.

గ్రీకులూ యూదులూ ఒకరినొకరు ఎరగనివాళ్ళు కారు. క్రీ.పూ. రెండో శతాబ్దిలో యెరూషలేములోనే గ్రీకు వ్యాయామశాల వెలిసింది. కొన్నాళ్ళకి గ్రీకు రాజు యూద ఆచారాలనే నిషేధించబోతే తిరుగుబాటు వచ్చింది. కానీ వాళ్ళు ఎక్కువకాలం పక్కపక్కన బతికింది ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరంలో. అక్కడి కథ చదువుతుంటే నాకు ఇది మద్రాసా అలెగ్జాండ్రియానా అన్న అనుమానం వచ్చింది.

అలెగ్జాండ్రియాలో యూదులు వేలాదిగా స్థిరపడ్డారు. వ్యాపారాలు చేశారు. రెండు మూడు తరాలకి ఇంట్లో కూడా గ్రీకే మాట్లాడసాగారు. పిల్లలకి హీబ్రూ రాక, క్రీ.పూ. మూడో శతాబ్దిలో తమ ధర్మశాస్త్రాన్ని గ్రీకులోకి అనువదించుకోవలసి వచ్చింది. అక్కడే పుట్టిన ఫైలో అనే తత్వవేత్త మోషే ధర్మశాస్త్రం మీద రాసిన గ్రంథాలన్నీ గ్రీకులోనే రాశాడు. క్రీ.శ. 38లో ఆ నగరంలో యూదుల మీద ఘోరమైన దాడులు జరిగాయి. ఫైలో వృద్ధాప్యంలో రాయబారిగా రోముకి వెళ్ళి చక్రవర్తికి మొర పెట్టుకున్నాడు. 41లో తర్వాతి చక్రవర్తి క్లాడియస్ ఒక ఉత్తరం రాశాడు. యూదుల ఆచారాల జోలికి పోవద్దని గ్రీకులకు చెప్పాడు. తమది కాని నగరంలో ఉన్నదానితో తృప్తిపడండి, అంతకుమించి అడగవద్దని యూదులకు చెప్పాడు. 'తమది కాని నగరం' అన్న ఆ మాట దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను.

ఎందుకంటే ఈ మద్రాసు మనది కాని నగరం అని ఎవరన్నా నాకు మింగుడుపడదు. 1688 సెప్టెంబరు 29న మద్రాసు కార్పొరేషను మొదలైనప్పుడు మేయరు కింద పన్నెండుగురు ఆల్డర్మన్లను వేశారు. వాళ్ళలో ముగ్గురు యూదు వర్తకులు, ముగ్గురు హిందూ వర్తకులు. ఆ హిందువుల్లో ఒకడు తెలుగు వర్తకుడు చిన్న వెంకటాద్రి. యూదులు మధ్యధరా సముద్రపు పగడాలు తెచ్చి అమ్మి, గోలకొండ వజ్రాలు కొని పంపేవాళ్ళు. మన్నడి దగ్గర పగడాల వర్తకుల పేరుమీద ఒక వీధి ఇప్పటికీ ఉంది. అంటే గ్రీకులూ యూదులూ అలెగ్జాండ్రియాలో పంచుకోలేకపోయిన నగరసభలో యూదులూ తెలుగువాళ్ళూ ఇక్కడ ఒకే వరసలో కూర్చున్నారన్నమాట. మన ఊళ్ళో ఇలాంటిది జరిగిందని బడిలో మాకెవరూ చెప్పలేదు.

అంతా సవ్యంగా నడిచిందని కాదు. 1707లో కుడిచేతి కులాలకూ ఎడమచేతి కులాలకూ ఏ వీధిలో ఎవరి ఊరేగింపు వెళ్ళాలన్న తగాదా వచ్చి ఊరు అట్టుడికిపోయింది. కుడిచేతివాళ్ళు చాలామంది ఊరు విడిచి శాంతోముకి వెళ్ళిపోయారు. చివరికి పెద్దనాయకన్‌పేట ఒకరికి, ముత్యాలపేట ఒకరికి అని పంచవలసి వచ్చింది. క్లైస్తనీస్ విడగొట్టాలనుకున్న వంశాలు ఇక్కడ ఊరినే విడగొట్టాయి.

ఆ తర్వాత మాత్రం ఊరి పద్దులో మనవాళ్ళు ధారాళంగా జమ చేశారు. గాజుల లక్ష్మీనరసు చెట్టి 1844లో 'క్రెసెంట్' పత్రిక పెట్టారు, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ పెట్టారు. శిస్తు వసూళ్ళలో రైతులను చిత్రహింసలు పెడుతున్నారని లండను దాకా అర్జీలు పంపారు. విచారణ సంఘం వచ్చింది, హింస నిజమేనని 1855లో నివేదిక ఇచ్చింది. సంపాదించిందంతా ఇలాంటి పనులకే పోగా, 1868లో పేదరికంలో కన్నుమూశారు. గ్రీకులకు చెబితే మా ఊరివాడే అనేవాళ్ళు. ఇంట్లోవాళ్ళేమన్నారో ఎక్కడా రాసిలేదు. పిట్టి త్యాగరాయ చెట్టిగారు కార్పొరేషను అధ్యక్షులుగా ఉండగా 1920లో థౌజండ్ లైట్స్ కార్పొరేషను బడిలో పిల్లలకి మధ్యాహ్నం తిండి పెట్టడం మొదలైంది. పిల్లవాడికి రోజుకి అణా మించకూడదని లెక్క. ఆ పద్దతినే తర్వాత కామరాజ్, ఎం.జి.ఆర్. రాష్ట్రమంతటా పెద్ద ఎత్తున నడిపారు. ఈ రోజు తమిళనాడు బడుల్లో అన్నం తినే పిల్లవాడికి దాని మొదలు ఒక తెలుగు ఇంటివాడి హయాంలో పడిందని తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. అన్నం అందుతోంది కదా.

1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి ఇంట్లో యాభైఎనిమిది రోజుల నిరాహారదీక్ష తర్వాత ప్రాణం విడిచారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు లేకుండా. శ్రీరాములుగారు పుట్టింది కూడా ఈ మద్రాసులోనే. మా నాయన ఈ సంగతి చెప్పినప్పుడల్లా, "రాష్ట్రం వాళ్ళకొచ్చింది, ఊరు వీళ్ళకొచ్చింది, మనకి మనం మిగిలాం" అనేవాడు. మనల్ని ఎవరూ వెళ్ళగొట్టలేదు. ఓటుంది, ఇల్లుంది, ఉద్యోగముంది. ఏథెన్సులో పన్ను కట్టి బతికిన పరదేశుల్లాంటివాళ్ళం కాము. రాజ్యాంగం అల్పసంఖ్యాక భాషలవాళ్ళకి సొంత విద్యాసంస్థలు నడుపుకునే హక్కు కూడా ఇచ్చింది. కానీ 'మద్రాసు మనదే' అన్న నినాదం ఆగిపోయిన రోజు నుంచి మనం ఇంటి మీద ఆధారపడవలసిన జాతి అయ్యాం. అది మనం గమనించామా అన్నదే నా సందేహం.

నాకు అర్థమైనంతవరకు తేడా ఇది. ఊరికి చేసింది ఊళ్ళో నిలుస్తుంది. పేరు మరిచిపోయినా వీధి ఉంటుంది, చట్టం ఉంటుంది, బడిలో అన్నం ఉంటుంది. ఇంటి సంగతి అలాకాదు. ఇంటికి చేసింది నిలవదు, ప్రతి తరం మళ్ళీ చేయాలి. నిరుడు చెప్పిన కథ ఈ ఏడూ చెప్పాలి. యూదులు ఈ సూత్రం పట్టుకున్నారు కాబట్టే ఊళ్ళు పోయినా వాళ్ళు పోలేదు. మనం ఊరికి చేసినవాళ్ళ పేర్లు సభల్లో తలుచుకుని సంతోషిస్తున్నాం. ఇంట్లో రోజూ చేయాల్సింది మానేశాం.

మా బ్యాంకు భాషలో చెప్పాలంటే, రెండేళ్ళు ఖాతాదారు ఏ లావాదేవీ చేయకపోతే ఆ ఖాతా నిద్రావస్థలోకి పోయినట్టు. పదేళ్ళు దాటితే ఆ సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి వెళ్ళిపోతుంది. పోయిందని కాదు, అడిగితే ఇస్తారు. కానీ అడగడానికి ఆ ఖాతా ఉందని తెలిసినవాడు ఒకడు మిగలాలి కదా! మా వీధిలో తెలుగు ఇళ్ళకేం కొదవ లేదు. మా తరంవాళ్ళకి చదవడం రాయడం వచ్చు. మా పిల్లలు మాట్లాడతారు, చదవలేరు. వాళ్ళ పిల్లలు అర్థం చేసుకుంటారు, తమిళంలోనో ఇంగ్లీషులోనో జవాబిస్తారు. మొన్న వచ్చిన పెళ్ళిపత్రికలో తెలుగన్నది 'శుభలేఖ' అన్న ఒక్క మాటే. మా బంధువుల అమ్మాయి విష్ణుసహస్రనామం ఇంగ్లీషు అక్షరాల్లో చూసి చదువుతుంది. స్వరం బాగుంటుంది, తప్పుపట్టను. అలెగ్జాండ్రియా పిల్లలు గుర్తొస్తారు, అంతే.

తమిళనాట బడుల్లో తమిళం తప్పనిసరి చేస్తూ 2006లో వచ్చిన చట్టాన్ని దీనికి కారణమని అనేవాళ్ళున్నారు. దానివల్ల తెలుగు బడులకు ఇబ్బంది వచ్చిన మాట నిజమే, కోర్టుల్లో వాదించాల్సిన మాటా నిజమే. కానీ ఉన్న ఊరి భాష మన పిల్లలు బాగా నేర్చుకోవాలి. అది ఊరి పద్దు. బబులోనుకి చెరగా పోయిన తనవాళ్ళకి యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం సారాంశం అదే. ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసుకోండి, ఆ పట్టణం బాగు కోరండి, దాని బాగులోనే మీ బాగు ఉంది. ఆ పట్టణం వాళ్ళ గుడిని కూల్చిన శత్రువుల పట్టణం. మనకంత కష్టం లేదు. మన పట్టణం మనం ఇష్టపడే పట్టణం. అయితే బడి ఊరి పద్దైనా, అక్షరాలు దిద్దించడం ఇంటి పద్దు. దానికి ఏ కోర్టు ఉత్తర్వూ అక్కర్లేదు.

ఆలస్యమైపోయిందని కొందరంటారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని పేద కుటుంబాలున్నాయి. కూలిపనులు చేసుకునేవాళ్ళే ఎక్కువ. 1980ల నుంచి తాము యూదులమని చెప్పుకుంటున్నారు, 1991లో ప్రార్థనామందిరం కట్టుకున్నారు. వాళ్ళు చెప్పుకునే పూర్వచరిత్ర గురించి పండితులు వాదించుకోనివ్వండి. నాకు ముఖ్యమైంది వేరే. తెలుగు తప్ప ఇంకో భాష ఎరగని ఆ ఇళ్ళలో పెద్దవయసువాళ్ళు కూర్చుని హీబ్రూ ప్రార్థనలు నేర్చుకున్నారు. ఇది మాది అనుకున్నాక, ఎప్పుడూ వినని లిపి కూడా వచ్చింది. మన పిల్లలు ఉగ్గుపాలతో విన్న భాషకి యాభై ఆరు అక్షరాలు నేర్చుకోలేరా?

తమిళనాడు ప్రభుత్వ సెలవుల పట్టికలో తెలుగు సంవత్సరాది ఉంది. ఊరు మనకిచ్చిన రోజు అది. ఆ రోజు మన ఇంట్లో ఉగాది పచ్చడి చేస్తాం, చెంచాడు చేతిలో పోసుకుని నాకేసి టీవీ ముందు కూర్చుంటాం. దానికి బదులు ఇంట్లో అందరికంటే చిన్నవాణ్ణి అడగమందాం, ఇందులో ఇన్ని రుచులెందుకని. తెలుగులో అడగాలి, తెలుగులో చెప్పాలి. తర్వాత పంచాంగంలోని నాలుగు వాక్యాలు వాడే కూడబలుక్కుని చదవాలి. తప్పులు చదివినా పరవాలేదు. వచ్చే ఏడు ఇంకో రెండు వాక్యాలు ఎక్కువ చదువుతాడు. పై ఏడు వాడి చెల్లెలు అడుగుతుంది, వాడు చెబుతాడు.